రెండో కన్ను

రవ్వ ఇంకా తెల్లగానే ఉంది. వంటింట్లో ఉన్న ముగ్గురిలో ఎవరూ నోరు విప్పలేదు.

గరిటె అత్తగారు పాకిజే చేతిలో ఉంది. ఆవిడకు ఎడమ పక్కన కొడుకు ఇల్కెర్, కుడి పక్కన కోడలు నెవ్రా. మామగారు రెజాయి పోయిన రోజు మళ్లీ తిరిగొచ్చింది. ఆయన పేరిట రవ్వ హల్వా చేయాలి. ఇంట్లో ఉన్నవాళ్లంతా తలా కాసేపు కలపాలి, కలిపినంతసేపూ మనసులో ఆయన కోసం ప్రార్థించుకోవాలి. గరిటె మాత్రం ఆగకూడదు. ఆగిందంటే అడుగంటుతుంది. అందుకే మధ్యలో అలిగి లేచిపోవడానికి వీల్లేని వంట ఇది.

బాల్కనీలో పక్క వేసుకుంటున్న కొడుకునీ, పడకగది తలుపు బిడాయించుకుంటున్న కోడలినీ ఒక్క పొయ్యి ముందు నిలబెట్టడానికి అత్తగారు ఈ రోజు కోసమే కాచుకుని ఉందేమోనని నెవ్రాకు అనుమానం.

"కింది అంతస్తు సబాహత్ అడిగింది," అంది పాకిజే, గిన్నెలోకే చూస్తూ. "మీవాడు బాల్కనీలో పడుకుంటున్నాడేంటి, ఇంకో ఆడదాని గొడవా అని. కాదమ్మా, నక్షత్రం గొడవ అన్నాను. నమ్మలేదు."

ఇల్కెర్ పెదవి చివర కాస్త కదిలింది. నెవ్రా మొహం చూసి మళ్లీ బిగుసుకుంది.

ఆ బిగుసుకోవడమే నెవ్రాకు ఒళ్లు మండించింది. నవ్వొస్తే నవ్వడానికి కూడా ఈ మనిషి తన మొహం వంక చూసుకోవాలా?

"నీ వంతు," అని పాకిజే గరిటె కోడలి చేతికిచ్చింది.

నెవ్రా కలపసాగింది. సెప్టెంబర్ నెలాఖరైనా అదానా నగరంలో వేడి తగ్గలేదు. మేడమీద పళ్లేల్లో ఎండుతున్న మిరప ముద్ద ఘాటు కిటికీలోంచి వచ్చి వెన్న వాసనతో కలిసిపోతోంది. పొద్దున తన ప్రొఫెసరమ్మ ముఅల్లా హోజ ఫోనులో అడిగిన ప్రశ్న ఆమె చెవుల్లో ఇంకా గింగురుమంటూనే ఉంది. నీ రెండో కన్ను మాట గట్టిదేనా? సాయంత్రంలోగా చెబుతానని నెవ్రా ఫోను పెట్టేసింది. అబద్ధం చెప్పలేక, నిజం చెప్పే ధైర్యం చాలక.

విశ్వవిద్యాలయంలో ముఅల్లా హోజ జట్టుది ఒకటే పని. మన పాలపుంతకు దగ్గరలో ఒక మరుగుజ్జు గెలాక్సీ ఉంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం దాన్ని ఎక్స్‌రే కంటితో చూసి చిత్రాలు పంపుతుంది. చిత్రం నిండా చుక్కలు. ప్రతి చుక్కా ఆ గెలాక్సీకి చెందిందేనని చెప్పలేం. కొన్ని మన ముంగిట్లోనే ఉన్న తారలు. కొన్ని ఎక్కడో వెనక, అంతులేని దూరంలో ఉన్నవి. మూడూ ఒకే గోడకు అంటుకున్నట్టు కనిపిస్తాయి. ఏది ఎవరి ఇంటి దీపమో తేల్చడమే వీళ్ల సర్వే.

తేల్చడానికి హోజ పెట్టిన నియమం కఠినమైనది. ప్రతి చుక్కనూ ఇద్దరు చూడాలి. ఒకరి మాట ఒకరికి తెలియకూడదు. ఇద్దరూ అవునంటేనే అవును. మొదటి కన్ను నెవ్రా. రెండో కన్ను ఇల్కెర్. మొగుడూ పెళ్లాల చేత ఈ పని చేయించవచ్చా అని జట్టులో గొణిగినవాళ్లున్నారు. పని మా భోజనాల బల్ల దాకా రాదని నెవ్రాయే హామీ ఇచ్చింది.

పోయిన వారం ఆ హామీ పగిలింది. చిత్రం మూలలో, కెమెరా లోపం వల్ల పడిన ఒక మరక మీద నెవ్రా చేయి జారి 'అవును' అని గుర్తు పెట్టింది. తన తప్పు తానే కనిపెట్టి నవ్వుకుంది. ఆ తర్వాత ఇల్కెర్ గుర్తు చూసింది. అదే మరక మీద, అదే 'అవును'. తప్పు ఎవరైనా చేస్తారు. కానీ వేరువేరుగా కూర్చున్న ఇద్దరు మనుషుల చేతులు ఒకే చోట జారవు.

అంటే తన గుర్తులు చూసి అతను రాశాడు. మరి ముప్పై ఏడో చుక్క మాట?

ఈ మూడేళ్ల చాకిరీలో నెవ్రాకు దొరికిన మాణిక్యం ఆ ముప్పై ఏడే. ఆ మరుగుజ్జు గెలాక్సీలోని ఒక ఎర్రటి ముసలి తార సరిగ్గా అక్కడే ఉంది. దాని పక్కన కంటికి కనబడని తెల్ల మరుగుజ్జు తార ఒకటి చేరి, దాని వాయువును పీల్చుకుంటూ ఎక్స్‌రేలు చిమ్ముతోందని నెవ్రా నమ్మకం. దాని మీదికి ఉపగ్రహాన్ని మరోసారి తిప్పమని అడిగే దరఖాస్తుకు రేపు మధ్యాహ్నంతో గడువు ముగుస్తుంది. దానికి రెండు అవునులు కావాలి. ఈసారి తప్పితే మళ్లీ ఏడాదికి. అప్పటికి విశ్వవిద్యాలయంలో ఆమె కొలువే ఉండదు.

"ఒక్కటి అడుగుతాను," అంది నెవ్రా, గరిటె ఆపకుండా. "ముప్పై ఏడు. నా గుర్తు చూడకముందు నువ్వేమనుకున్నావు?"

"ఇప్పుడదంతా ఎందుకు? అవునని రాశాను కదా."

"అది నా అవును. నీదేమిటని అడుగుతున్నా."

ఇల్కెర్ కిటికీ వంక చూశాడు. కొడుకు ఇబ్బంది తల్లికి అర్థమైంది.

"పెళ్లాం మాట విన్నాడు. అందులో తప్పేముందమ్మా?" అంది పాకిజే. "వినని మొగుళ్లతో కదా ఊళ్లో ఏడుపులన్నీ."

నెవ్రా అత్తగారి వైపు తిరిగింది. "అమ్మా, రవ్వ వేగిందో లేదో మీరెలా చూస్తారు?"

"గింజల్ని చూసి చెబుతాను. రవ్వని నమ్మకూడదు. వెన్నలో మెరిసిపోతూ మోసం చేస్తుంది. అందుకే పైన్ చెట్టు గింజలు కూడా వేసేది. గింజ ఎర్రబడిందంటే రవ్వ వేగినట్టు."

"ఆ గింజలకి ముందే ఎర్ర రంగు పూసి వేస్తే?"

పాకిజే కోడలి మొహం కేసి చూసింది, తర్వాత కొడుకు మొహం కేసి. కోడలి చేతిలోంచి గరిటె తీసి కొడుకు చేతిలో పెట్టింది.

"అలాగైతే గింజలెందుకు, దండగ," అంది.

ఆ మాటతో ఇల్కెర్‌కు దాక్కోవడానికి తల్లి కొంగు కూడా మిగల్లేదు. తల వంచుకుని కలపసాగాడు.

చివరికి అతనే అన్నాడు. "పోయినేడు పన్నెండో చుక్క గుర్తుందా?"

గుర్తుంది. ఆమె అవునంది. అతను కాదన్నాడు. దరఖాస్తు ఆగిపోయింది.

"అప్పుడు నిన్ను ఒక్క మాట అనలేదు నేను," అంది నెవ్రా.

"అదే చెబుతున్నా. ఒక్క మాటా అనలేదు. ఉప్పు అడిగితే ఉప్పిచ్చావు. తలుపేయమంటే తలుపేశావు. వారం పాటు ఈ ఇంట్లో చెంచాల చప్పుడు తప్ప ఏమీ లేదు. అలాంటి వారం ఇంకొకటి నా వల్ల కాదనుకున్నాను."

తిట్టి ఉంటే తప్పయ్యేది, తిట్టలేదు కాబట్టి తాను మంచిదాన్నేనని నెవ్రా ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చింది. ఆ మౌనం అతనికి ఎంత బరువుగా తగిలిందో ఇప్పుడు తెలిసింది.

"నీకు కోపం వచ్చినా బాగుండేది," అన్నాడు ఇల్కెర్ నెమ్మదిగా. "కోపానికైతే బదులు చెప్పొచ్చు."

పాకిజే గోడకు చేరబడి నిలబడింది.

"వీడి నాన్నా ఇంతే," అంది, ఎవరితోనూ కాదన్నట్టు. "ఏం వండినా ఒకటే మాట. నీ చేతులు చల్లగుండాలి పాకిజే. పొగరుబోతు కోడలని మా అత్త నన్ను సాధిస్తుంటే, నా మొగుడు బంగారం, ఏనాడూ వంక పెట్టలేదు అని మురిసిపోయేదాన్ని. ఆయన పోయాక మొదటిసారి హల్వా చేయబోతే చేయి ఆడలేదు. రవ్వ హల్వా ఇష్టమా, పిండి హల్వా ఇష్టమా, నాకు తెలీదు. ఒక జన్మంతా అన్నం పెట్టాను. తెలీదు." తలగుడ్డ అంచుతో మెడ తుడుచుకుంది. "ఇప్పుడు మాత్రం ఎవరినడగను? రవ్వ చేస్తున్నాను. అంతే."

ఇల్కెర్ చేయి ఒక్క క్షణం ఆగి, గిన్నె అడుగు గుర్తొచ్చి మళ్లీ సాగింది.

"కాదు అని రాశాను," అన్నాడు హఠాత్తుగా.

"ఏంటి?"

"ముప్పై ఏడు. ముందు 'కాదు' అని రాశాను. నీ గుర్తు చూశాక కొట్టేసి మార్చాను."

అనుమానం వేరు, చెవులారా వినడం వేరు. దరఖాస్తు పోయింది. కొలువు పోయింది. అయినా నెవ్రా నోటి నుంచి వచ్చింది ఏడుపు కాదు. ఎన్నో ఏళ్లుగా చేస్తున్న వృత్తి అడిగించిన ప్రశ్న.

"ఎందుకు కాదు?"

"మూడో సారి అది లేదు కాబట్టి."

"లేదంటే?"

"ఉపగ్రహం ఐదు సార్లు చూసింది కదా. నాలుగు సార్లు ఉంది. మూడోసారి చూసినప్పుడు ఆ చోట బొత్తిగా ఏమీ లేదు. దీపం ఆర్పేసినట్టు. ఎందుకో నాకు తెలియలేదు. తెలియని దానికి కాదని రాయమనే కదా హోజ నియమం."

ఐదు చిత్రాలనూ ఒకదానిమీద ఒకటి పేర్చి, చుక్కలు మరింత స్పష్టంగా కనబడేలా చేసుకున్న చిత్రాన్నే నెవ్రా ఇంతకాలం చూసింది. దేనికది విప్పి చూడలేదు. అతను చూశాడు. చూసి, ఆమె మొహానికి భయపడి మింగేశాడు.

"గింజలు," అంది పాకిజే గట్టిగా. "ఎర్రబడ్డాయి. తప్పుకోండి."

మరిగిన పాలూ చక్కెరా ఒక్కసారిగా గిన్నెలో కుమ్మరించింది. హల్వా బుసకొట్టింది. ఆవిరి లేచి ముగ్గురినీ మూడు వైపులకు తోసింది. ఆవిరి తగ్గేసరికి వంటింట్లో నెవ్రా లేదు.

పడకగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని మూడో చిత్రం ఒక్కటే తెరిచింది. అతను చెప్పింది నిజం. ముప్పై ఏడు ఉండాల్సిన చోట మిగతా ఆకాశంలాంటి చీకటే.

మామూలుగా మన ముంగిట్లోని కొంటె తారలు అప్పుడప్పుడు భగ్గుమని, మిగతా కాలమంతా మసకగా పడి ఉంటాయి. ఇది అందుకు తలకిందులు. ఎప్పుడూ వెలుగుతూ ఒక్కసారి మాత్రం మాయమైంది. మాయమైందా, లేక దేని వెనకైనా దాక్కుందా?

పెద్ద ఎర్ర తార ముందుకు వస్తే, వెనకనున్న చిన్న తెల్ల తార మరుగున పడుతుంది. గ్రహణం. అదే నిజమైతే దానికొక సాక్ష్యం ఉండి తీరాలి. తెల్ల తార వేడికి ఎర్ర తార ఒక పక్క కాగి వెలుగుతూ ఉంటుంది. తెల్లది వెనక్కి వెళ్లినప్పుడు మనకు కాగని పక్కే కనబడి, ఎర్రది కూడా కాస్త మసకబారాలి. నేల మీది దుర్భిణులు ఆ ఎర్ర తార వెలుగును ఏళ్ల తరబడి కొలుస్తూనే ఉన్నాయి. అది ఒక లయలో పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఆ లయను చిత్రాలు తీసిన తేదీల పక్కన పెట్టి చూసింది.

మూడో చిత్రం తీసిన కాలం, ఎర్ర తార బాగా మసకబారిన కాలం, రెండూ ఒకటే.

ఒక్కసారి కలిస్తే అది యాదృచ్ఛికం కావచ్చు. ఇంకోసారి కలవాలి. ఆ చుట్టుపక్కల ఉపగ్రహం ఎప్పుడైనా, ఎవరి కోసమైనా చూసిందేమోనని వెతికింది. దొరికింది. వేరే దేశపు జట్టు వేరే పని మీద తీయించుకున్న చిత్రం ఒకటి. వాళ్లకే పరిమితమైన గడువు ఈమధ్యే ముగిసి, అందరికీ అందుబాటులోకి వచ్చింది. దాని అంచున, కొసకు కొసన, ముప్పై ఏడు ఉండాల్సిన చోటు కూడా పడింది. అది తీసిన కాలానికి ఎర్ర తార లయ లెక్కగట్టింది. మళ్లీ సరిగ్గా మసక దశ.

గ్రహణమే నిజమైతే ఆ చోటు ఖాళీగా ఉండాలి. చుక్క కనబడిందో, తన ఊహ మొత్తం కూలినట్టే.

వేలు మీట మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది.

ఇప్పుడు తను చూసి బయటికి వెళితే, ఇల్కెర్ ఆమె మొహం చూసి జవాబు చెప్పేస్తాడు. అతనికి గుర్తులు కూడా అక్కర్లేదు. కనుబొమ చాలు.

ముందు హోజకు ఫోను చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది, మరక సంగతీ, మార్చిన గుర్తు సంగతీ.

"మొగుడూ పెళ్లాల్ని రెండు కళ్లుగా పెట్టమన్నది ఏ మేధావి?" అంది అవతలి నుంచి ముసలావిడ.

"ఒప్పుకున్నది మీరే హోజగారూ."

"సంతోషం. ఇల్కెర్ చూసినవన్నీ వేరేవాళ్లతో మళ్లీ చూపిస్తాను. ఆ శిక్ష ఇద్దరికీ. ఈ కొత్త చిత్రం మాత్రం ఇంకా ఎవరూ చూడలేదంటున్నావు కాబట్టి, దానికి ఇద్దరూ విడివిడిగా రాసి పంపండి. నాకు నచ్చే జవాబు అక్కర్లేదు. రెండు కళ్లు కావాలి. చీకటి పడేలోగా రాకపోతే దరఖాస్తు లేదు."

నెవ్రా హాల్లోకి వచ్చేసరికి ఇల్కెర్ ఇరుగుపొరుగుకు హల్వా గిన్నెలు పంచి తిరిగొస్తున్నాడు. చేతిలో ఖాళీ పళ్లెం. ఆమె వంటింట్లోంచి ఒక తువాలు తీసుకుని అతని ముందే గదిలోకి నడిచి, కంప్యూటర్ తెర మీద కప్పింది. తెర చూడకుండానే మీట నొక్కింది.

"వేరేవాళ్లు తీసిన చిత్రం," అంది. "చుక్కలు ఉండాల్సిన చోట్ల గుండ్రాలు చుట్టి ఉన్నాయి. ప్రతి గుండ్రంలోనూ ఏదైనా ఉందా, లేదా, రాయి. నేనింకా చూడలేదు. నువ్వు బయటికొచ్చాకే చూస్తాను."

"ముప్పై ఏడు కూడా ఉందా ఇందులో?"

"ఉంది."

ఇల్కెర్ ఆమె మొహం కేసి చూశాడు, అలవాటు చొప్పున, ఆకాశం చూసి వాన పడుతుందో లేదో చెప్పే రైతులాగా. నెవ్రా మొహం గోడ వైపు తిప్పుకుంది.

"నీకేం కావాలి?" అని అడిగాడు. "అది ఉండాలా, ఉండకూడదా?"

"చెప్పను."

"నెవ్రా."

"ఈసారి నాకేం కావాలో నీకు తెలియదు. నీకు కనబడిందే రాయి. కాదంటే వచ్చే వారం ఉప్పు నేనే అందిస్తాను. తిడుతూ అందిస్తాను. మాట."

ఆమె బయటికొచ్చి తలుపు మూసింది.

హాల్లో గోడ మీద మామగారి ఫొటో. ఏది పెట్టినా తినేసి, చేతులు చల్లగుండాలని దీవించే మొహం. దాని కింద కుర్చీలో కూర్చుంది. వెలుగు కుర్చీ కాళ్ల దగ్గర నుంచి గోడ మీదికి పాకుతోంది. హోజ విధించిన గడువు కరుగుతోంది. లోపల కుర్చీ ఒకసారి కిర్రుమంది. మీటల చప్పుడు. ఆగింది. మళ్లీ చాలాసేపు నిశ్శబ్దం. చూసింది చూసినట్టు రాయడానికి ఇంతసేపు పడుతుందా, లేక తను ఏం కోరుకుంటోందో ఊహిస్తున్నాడా? లేచి తలుపు తోసేయాలనిపించింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

తలుపు తెరుచుకుంది.

ఇల్కెర్ మొహంలో నవ్వు లేదు. దాచుకున్న భయమూ లేదు. పెళ్లయినప్పటి నుంచి మొదటిసారిగా ఆ మొహం ఆమెకు చదవడానికి రాలేదు. వింతగా, దాంతోపాటే ఊరటగా అనిపించింది.

"రాసి హోజకు పంపేశాను. తెర మళ్లీ కప్పాను," అన్నాడు. "నువ్వు చూడు."

ఇంకేమీ చెప్పకుండా వంటింటి వైపు వెళ్లిపోయాడు.

నెవ్రా లోపలికెళ్లి కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. తువాలు అంచు పట్టుకుంది. అతను తన మాటే రాశాడా? నిజంగా? ఈ పూట కూడా తన మనసులో ఏముందో ఊహించి, ఊహ సరిపోయేలా రాసి ఉంటే? అలాగైతే తెర మీద ఏమున్నా ఒకటే.

వంటింట్లోంచి పాకిజే గొంతు వినపడింది. ఎవరు వచ్చినా వేసే పాత ప్రశ్నే.

"తిన్నావా? ఎలా ఉంది?"

చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు. నెవ్రాకు జవాబు తెలుసు. ఈ ఇంట్లో తండ్రి నుంచి కొడుక్కి వారసత్వంగా వచ్చిన ఆ ఒక్క వాక్యం.

"అమ్మా," అన్నాడు ఇల్కెర్. "తీపి ఎక్కువైంది."

అత్తగారు పళ్లెం విసిరేస్తుందో, ఏడుస్తుందో అనుకుంది నెవ్రా.

కుర్చీ ఈడ్చుకున్న చప్పుడు. కొడుకుకు ఎదురుగా కూర్చున్నట్టుంది పాకిజే. ఆవిడ గొంతులో కోపం లేదు. ఎన్నాళ్లుగానో దాచుకున్న ఆకలి ఉంది.

"ఎంత ఎక్కువైంది?" అని అడిగింది. "సరిగ్గా చెప్పు."

నెవ్రా తువాలు లాగేసింది.